నెమలి మిషను షటిల్ కోసం బళ్ళారి దాకా

కుళ్ళు లేకపోతే నేను బళ్ళారి చూసి ఉండేవాణ్ణి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఊళ్ళు చూడాలని తిరిగేవాళ్ళు వేరు. నేను వెళ్ళింది బొటనవేలంత ఇనుపముక్క కోసం, అదీ ఇంకొకడి దగ్గర ఉండి నా దగ్గర లేదన్న కడుపుమంటతో.

మాది తెనాలి. ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక చేతులు ఊరుకోక, పాత కుట్టు మిషన్లు కొని, తుప్పు వదిలించి, నడిపించే పనిలో పడ్డాను. ఇప్పుడు ఇంట్లో పందొమ్మిది ఉన్నాయి. మా ఆవిడ సరోజ లెక్కలో ఇరవై, నన్ను కూడా కలిపి.

మా ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాడు ఇంకొకడు, విశ్వనాథం. గడియారాలు బాగుచేస్తాడు. నాతోపాటే చదువుకున్నాడు. మా ఇద్దరి దగ్గరా చెరొక నెమలి మిషను ఉంది. చేత్తో పిడి తిప్పి కుట్టే విదేశీ మిషను అది. నల్లటి ఒంటి మీద బంగారు రంగు నెమలి బొమ్మ ఉంటుంది కాబట్టి మేమే ఆ పేరు పెట్టుకున్నాం. ఇప్పటి మిషన్లలో కింద గుండ్రటి బాబిన్ తిరుగుతుంది. దీంట్లో చిన్న పడవలాంటి షటిల్ అటూ ఇటూ ఊగుతూ కింది దారం అందిస్తుంది. వాడి మిషనుకు షటిల్ ఉంది, నా దానికి లేదు. వేరే మిషను షటిల్ దీంట్లో పట్టదు, కొత్తది చేసిచ్చేవాళ్ళూ లేరు. తొమ్మిదేళ్ళుగా నా నెమలి అద్దాల బీరువాలో తళతళలాడుతూ ఊరికే కూర్చుంది.

వాడి మిషనును గుంటూరు పాత సామాన్ల దుకాణంలో ముందు చూసింది నేనే. బేరం తెగకపోతే కాఫీ తాగి వద్దామని బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడు దాన్ని రిక్షా ఎక్కిస్తున్నాడు. పైగా నన్ను చూసి, "పట్టరా కాస్త, బరువుగా ఉంది," అన్నాడు. పట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే అన్నం సయించదు.

బళ్ళారి అంతా జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊరని, పాత మిషన్ల విడిభాగాలు అక్కడ గోతాలకొద్దీ పడి ఉంటాయని ఎవరో అంటే సంచీ సర్దుకున్నాను. విశ్వనాథానికి చెప్పొద్దని సరోజ దగ్గర మాట తీసుకున్నాను. బండి తెనాలి దాటకముందే చెప్పేసిందట.

బళ్ళారి

పొద్దున్నే ఒగ్గరాణి తిన్నాను. మరమరాలు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పుట్నాల పొడి వేసి తాలింపు పెడతారు, పక్కన బారెడు మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు మరమరాలంటే పిల్లలు సాయంత్రం తినేవి. ఇక్కడ బుర్ర మీసాల పెద్దమనుషులు పొద్దున ఏడింటికే వరస కట్టి తింటున్నారు. బజ్జీ కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఎదురుగా ఉన్నాయన "స్వల్ప మజ్జిగ తాగప్పా" అని తన గ్లాసు ఇటు జరిపాడు.

బజారులో తెలుగు శెట్టిగారి దుకాణం ఒకటి ఉంది. తాతల కాలం నుంచీ మిషను సామాన్లే అమ్ముతున్నారు. ముందు గదిలో జీన్స్ కుట్టే కరెంటు మిషన్ల భాగాలు, వెనక గదిలో చీకటి, అందులో పాతవి. నేను కావలసింది చెప్పగానే శెట్టిగారు నా ముఖంలోకి జాలిగా చూశాడు.

"పడవ షటిలా? మా నాయన కాలంలో అమ్మేటివప్పా. ఇప్పుడెవురికి కావల్ల? కూచో, డబ్బా ఉండాది, ఎదుక్కో."

ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా తెచ్చి గోనెపట్టా మీద కుమ్మరించాడు. రెండు వందల షటిళ్ళు ఉంటాయి. పొడుగువి, పొట్టివి, ముక్కు వంకరవి, ఇంకా కాగితం విప్పనివి. నా ఒళ్ళు మండిపోయింది. ఒక్కదాని కోసం నేను తొమ్మిదేళ్ళుగా అల్లాడుతుంటే ఈయన ఇన్నింటిని బిస్కెట్ల డబ్బాలో పోసి మర్చిపోయాడు.

"ఇవన్నీ ఏ మిషన్లవండీ?"

"ఏమో, ఎవురికి తెలుసు? ఊరికే పడుండాయి."

నా మిషను కొలతకు చెక్కతో ఒక నమూనా షటిల్ చెక్కి తీసుకెళ్ళాను. దాన్ని పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను. సగమయ్యాక చూస్తే నమూనా లేదు. పనికిరానివాటితో కలిపి దాన్ని కూడా డబ్బాలో పడేశాను. మళ్ళీ అన్నీ కుమ్మరించి దాన్ని వెతకడానికి అరగంట పట్టింది. శెట్టిగారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి మరీ నవ్వాడు. చివరికి ఒక్క షటిలూ సరిపోలేదు. నా తెల్ల చొక్కా మాత్రం నల్లబడింది.

"తెక్కలకోటలో ఖాసిం అని ఒక దర్జీ ఉండాడు. పాత మిషన్ల సంగతి వానికి తెలిసినంత ఈ జిల్లాలో ఎవురికీ తెలీదు. పోయి అడుగు," అన్నాడు శెట్టిగారు.

ఆ మాట కూడా నాకు రుచించలేదు. మా జిల్లాలో ఆ మాట నా గురించి ఎవరూ అనలేదు.

తెక్కలకోట

బస్సు దిగిన చోటికి పది అడుగుల్లోనే ఖాసిం దుకాణం. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుడతాడు. యాభై దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి పక్కింటావిడతో మాట్లాడుతూ, అటే చూస్తూ కాలర్ కుడుతున్నాడు. బట్ట వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కుట్టు గీత గీసినట్టు పడింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం వేసుకుని, ఊపిరి బిగబట్టి కుట్టినా నా కుట్టు కాలవగట్టులా వంకర పోతుంది. ఆయన చేతుల వంక చూడలేక గోడ మీద క్యాలెండర్ వంక చూస్తూ కూర్చున్నాను.

"బై టూ చాయ్" అని కేకేశాడు. ఒక టీని రెండు గ్లాసుల్లో పోసి తెచ్చారు. కొత్తగా వచ్చినవాడికి సగం టీ ఇవ్వడమేమిటని మా ఊళ్ళో నొచ్చుకుంటాం. ఇక్కడ అదే స్నేహం.

నా చెక్క నమూనాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరే, ఇది నెమలి మిషన్‌ది కదన్నా?"

మేము పెట్టుకున్న పేరే ఈయన నోట్లోంచి వచ్చింది.

"నువ్వెక్కడ చూశావు?"

"సిరిగేరి దాటినాక ఆంధ్రోళ్ళ క్యాంపు ఉండాది. ఆడుంది. నడుస్తాండాది కూడా. కానీ అమ్మరు చూడన్నా."

"ఎవరిది?"

"అదే కదా మజా. ఎవురిదీ కాదు. అందరిదీ."

మధ్యాహ్నం ఒక ఖానావళిలో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. వంకాయలో గురెళ్ళ పొడి వేశారు. గురెళ్ళంటే ఏమిటో అనుకున్నాను, మన ఒలిసెలే. రొట్టెలు అడిగినన్ని వేసి డెబ్భై రూపాయలు తీసుకున్నారు. మామూలుగా అయితే ఆ రుచి గురించి ఒక పేజీ రాసేవాణ్ణి. ఆ రోజు నా బుర్ర నిండా ఒకటే మాట తిరుగుతోంది. నడుస్తోంది. అంటే షటిల్ ఉంది.

సిరిగేరి క్యాంపు

తుంగభద్ర కాలవ నీళ్ళు వచ్చిన కొత్తలో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ మాగాణి చేసుకున్న రైతుల ఇళ్ళను క్యాంపులంటారు. గుడారాలేమీ లేవు, డాబాలే. రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో వాటి పక్క నుంచి జాగ్రత్తగా వెళ్ళింది.

మిషను అప్పుడు రత్తమ్మగారింట్లో ఉంది. ఆమెకు డెబ్భై అయిదు దాటాయి. మాట "అండి"తో మొదలై "అప్పా"తో ముగుస్తుంది.

"రండి, కూచోండి. యాడి నుంచి వస్తాండావప్పా?"

గుంటూరు వైపు నుంచి అన్నాను. పాత మిషన్లు బాగుచేస్తానని చెప్పాను. కొనడానికి వచ్చానని చెప్పలేదు.

వరండాలో చాప మీద ఉంది నెమలి. నా దాని పక్కన పెడితే దీన్ని మిషను అనరు. నల్లరంగు పెచ్చులూడింది, నెమలికి తోక ఉంది కానీ తల లేదు, పిడికి పాత గుడ్డ చుట్టారు. దాని ముందు రత్తమ్మగారి మనవరాలు లావణ్య కూర్చుని తెల్లటి మెత్తటి గుడ్డ కుడుతోంది. పిడి గట్టిగా ఉన్నట్టుంది, తిప్పుతుంటే భుజం నొప్పి పుట్టి ఆగుతోంది. పక్కన ఉయ్యాల్లో పందొమ్మిది రోజుల పాప.

రత్తమ్మగారు చెప్పింది విన్నాక ఖాసిం మాట అర్థమైంది. ఆమె అత్తగారు భీమవరం వైపు నుంచి వచ్చేటప్పుడు ఈ మిషను తెచ్చుకుంది. అప్పట్లో క్యాంపులన్నిటికీ ఇదొక్కటే. ఎవరింట్లో పురుడు వచ్చినా మిషను ఆ ఇంటికి వెళ్ళేది. అది అలాగే ఆనవాయితీ అయిపోయింది. పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటో రోజు బారసాలకు వేసే మొదటి జుబ్బా దీని మీదే కుట్టాలి. గుడ్డ కొనకూడదు. క్యాంపులో పెద్ద ముత్తైదువలు కట్టి కట్టి, రంగు వెలిసి తెల్లబడి మెత్తబడిన చీరల్లోంచి తలా ఒక ముక్క పంపుతారు. ఇంకో పురుడు వచ్చేదాకా మిషను ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో కరెంటు మిషన్లున్నాయి, అయినా జుబ్బా మాత్రం దీని మీదే.

"ఎల్లుండే బారసాల. ఇదేమో బిగుసుకపోయింది. స్వల్ప చూస్తావాప్పా?"

చూస్తాననడానికి క్షణం పట్టలేదు. కింది పలక జరిపాను. షటిల్ బయటికొచ్చింది. ముక్కు అరగలేదు, స్ప్రింగు సడలలేదు. నా చెక్క నమూనాకు అచ్చంగా సరిపోయింది. తల లేని ఈ నెమలికి షటిలా, బంగారు పూత చెక్కుచెదరని నా నెమలికి లేకపోవడమా అని ఏడుపు వచ్చినంత పనైంది.

మిషను బిగుసుకోవడానికి కారణం కొబ్బరినూనె. ఏళ్ళ తరబడి అదే పోస్తే జిగురై పట్టేసింది. కిరసనాయిలు అడిగి, పాత టూత్‌బ్రష్‌తో ప్రతి కీలూ కడిగాను. సూది ఊడదీస్తే అది దూరే సందులోంచి ఏదో నలుసు రాలింది. ఉఫ్‌మని ఊదేశాను. రెండు గంటల తర్వాత పిడి వేలితో తిప్పితే తిరిగేలా తయారైంది. గర్వంగా గుడ్డ పెట్టి కుట్టి చూపించాను.

ఒక కుట్టు పడితే మూడు పడలేదు.

సూది తిప్పి పెట్టాను. దారం మార్చాను. బిగువు తగ్గించాను, పెంచాను. నా పందొమ్మిది మిషన్ల అనుభవం అంతా అక్కడ ఖర్చు చేశాను. ఊహూఁ. చెమటలు పట్టాయి. లావణ్య ఉయ్యాల ఊపుతూ నా చేతుల వంకే చూస్తోంది. అప్పుడు నా నోరు తెరుచుకుంది.

"షటిల్ అరిగిపోయిందమ్మా. నేను గుంటూరు తీసుకెళ్ళి కొత్తది చేయించి పంపిస్తాను. పదిహేను రోజులు పట్టొచ్చు."

అబద్ధం. అది అరగలేదని నాకు తెలుసు. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి అప్పటికే షటిల్ మీద ఉంది.

"ఎల్లుండి బారసాల కదవ్వా," అంది లావణ్య సన్నగా.

రత్తమ్మగారు మిషను దగ్గరికి జరిగి, వంగి, సూదిని చూసింది. "సూది మీద గింజ ఏం చేసినావప్పా?"

"గింజేమిటండీ?"

"ఈ మిషన్‌కు పాత సూదులు దొరకవు. ఇప్పటి సూదులు పొట్టి. ఊరికే బిగిస్తే పైకి పోతాయి, షటిల్‌కు దారం అందదు. అందుకే పైన ఒక వడ్లగింజ పెట్టి, దానికి ఆనిచ్చి సూది బిగిస్తాం. మా అత్త కాలం నుంచి అట్లే."

నేను ఊదేసిన నలుసు అదే. మురికి కనబడితే ఊరుకోలేని నా శుభ్రం వల్ల వాళ్ళ మిషను కుట్టడం మానేసింది. రత్తమ్మగారు మిషను అర లాగి కుంకుమ డబ్బా తీసింది. అందులో పిడికెడు లావు వడ్లు. "ఇప్పటి సోనా వడ్ల గింజ సన్నం, నిలబడదు. వీటిని దీనికోసమే దాచినాం," అంటూ ఒక గింజ పెట్టి సూది బిగించింది. లావణ్య పిడి తిప్పింది. టకటకమని కుట్టు పడింది, ఖాసిం కుట్టులా.

నేను చెయ్యి షటిల్ మీంచి తీశాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రత్తమ్మగారు కుంకుమ డబ్బా మళ్ళీ అరలో పెట్టింది.

"షటిల్‌కు ఏం కాలేదులేప్పా. అది వచ్చి రెండేండ్లే అయ్యింది. మా పాతది కాలవలో పడిపాయె. ట్రాక్టర్‌లో మిషన్ తెస్తాంటే కుదుపుకు ఎగిరి పడె. అప్పుడు నీ మాదిరే ఒకాయన వచ్చినాడు. మిషన్ కొంటాననె. ఇది అమ్మేది కాదప్పా, పురుటిండ్లకు తిరిగేది, ఇప్పుడు షటిల్ లేక బిడ్డకు జుబ్బా కుట్టలేక కూచున్నాం అని చెప్తి. అట్లే లేచి పోయినాడు. నాలుగు దినాలకు మళ్ళీ వచ్చె. ఆయన ఇంట్లో ఇట్లాంటి మిషనే ఉందంట, దాన్లోంచి తీసి తెచ్చినాడు. దుడ్డు ఇస్తే తీసుకోలే. జుబ్బా కుట్టేదాకా కూచుని, చూసి, బువ్వ తిని పోయినాడు."

"ఏ ఊరాయన?"

"మీ గుంటూరు పక్కే, తెనాలంట. గడియారాలు బాగుచేస్తాడంట."

బాగుచేసిన ప్రతి గడియారం మూత లోపలా సన్నగా "వి" అని గీయడం విశ్వనాథం అలవాటు. లావణ్యను ఆపమని, షటిల్ తీసి, సంచీలోని భూతద్దం పెట్టి లోపలి వైపు చూశాను. ఉంది. వెంట్రుకంత సన్నటి "వి".

"పోయేటప్పుడు ఒక మాట చెప్పినాడు," అంది రత్తమ్మగారు. "ఊళ్ళో ఆయప్పకు ఒక స్నేహితుడు ఉండాడంట. వాని దగ్గర కూడా ఈ మిషనే, షటిల్ లేక ఊరికే ఉండాదంట. 'వానికి తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటాడు, మా వైపోళ్ళు ఎవరన్నా వస్తే చెప్పొద్దండి' అనె. నేను చూడు, మర్చిపోయి నీకు చెప్తి."

లావణ్య నవ్వింది. "నీకు తెలుసా అన్నా ఆయన?"

"తెలీదమ్మా," అన్నాను.

అన్నం పెట్టారు. గోంగూర, పప్పుచారు, గడ్డపెరుగు, అచ్చం మా ఇంటి భోజనం. పక్కన మాత్రం జొన్నరొట్టె. ఏం తిన్నానో గుర్తుంది కానీ రుచి గుర్తులేదు. నేను చేతులు కడుక్కునేసరికి జుబ్బా పూర్తయింది. తొమ్మిది చీరల ముక్కలు, తొమ్మిది రకాల తెలుపు. లావణ్య దాన్ని పాప మీద పరిచి కొలత చూసుకుంది.

ఎమ్మిగనూరు

మర్నాడు కంప్లి వైపు వెళ్తూ ఎమ్మిగనూరులో దిగాను, మన ఆంధ్రా ఎమ్మిగనూరు కాదు, ఇది బళ్ళారి జిల్లాలోది. దిగాల్సిన పనేమీ లేదు, బస్సులో కూర్చోలేకపోయాను. రోడ్డు పక్క చెరుకు రసం బండి ఉంది. గ్లాసు ఇరవై. అల్లం, నిమ్మకాయ దండిగా వేస్తారు.

ముందు కోపం వచ్చింది. యాభై ఏళ్ళ స్నేహం మాది. షటిల్ లేక నేను ఎంత ఏడ్చానో వాడికి తెలుసు. ఇవ్వదలుచుకుంటే ముందు గుర్తు రావలసింది నేను కాదా? ముక్కూముఖం తెలియనివాళ్ళకు ఇచ్చాడు! రెండో గ్లాసు తాగేసరికి దానికి జవాబు కూడా దొరికింది. నాకిచ్చి ఉంటే అది అద్దాల బీరువాలో ఉండేది. అప్పుడప్పుడూ తలుపు తీసి చూసుకుని, మళ్ళీ తాళం వేసేవాణ్ణి. ఆ సంగతి వాడికి తెలుసు. రెండేళ్ళుగా వాడి మిషను నడవడం లేదని నేను కనిపెట్టలేకపోయానంటే, ఓర్వలేక వాడింట్లో ఆ మిషనున్న గదిలోకే వెళ్ళడం మానేశాను కాబట్టి.

ఫోను మోగింది. విశ్వనాథం.

"ఏరా, బళ్ళారి వెళ్ళావట. సరోజ చెప్పింది. దొరికిందా?"

"లేదు."

"ఎటు తిరిగావు?"

"తెక్కలకోట, సిరిగేరి," అన్నాను. "అక్కడి క్యాంపులు కూడా."

షటిల్ గురించి అడుగుతాడనుకున్నాను. నేను చూశానా, నాకు తెలిసిందా అని అడుగుతాడనుకున్నాను.

"మిషను ఎవరింట్లో ఉందిరా ఇప్పుడు?" అన్నాడు. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్ల."

"జుబ్బా కుట్టేశారా?"

"కుట్టేశారు."

"కుట్టు బాగా పడుతోందా?"

పడుతోందన్నాను. సంతోషంగా ఫోను పెట్టేశాడు. చెరుకు రసం బండి ఆమె ఇంకో గ్లాసు కావాలా అని కన్నడంలో అడిగింది. వద్దని చెయ్యి ఊపాను.

ఇంటికొచ్చి పది రోజులైంది. ఎలా ఉంది బళ్ళారి అని అడిగినవాళ్ళకు ఒగ్గరాణి గురించి చెబుతున్నాను. విశ్వనాథం దుకాణానికి ఇంకా వెళ్ళలేదు. వాడి మిషను చూసి ఏడ్చినన్నాళ్ళూ నాకొక ఆశ ఉండేది, ఎక్కడో ఒక షటిల్ దొరికితే చాలు, వాడూ నేనూ సమానమైపోతామని. ఇప్పుడు ఏది దొరికితే సమానమవుతామో తెలియడం లేదు.